ఎం. ఆర్. ఐ. బొమ్మలో మాయగీత

వెన్నుపాములోకి మరో పాము దూరుతుందా?

ఈ ప్రశ్న నన్నడిగింది మా పెద్దమ్మ. ఆవిడది నాతవరం. 2022లో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, తాండవ జలాశయం ఉన్న మండలానికి అదే కేంద్రం. కొద్దిపాటి వరిపొలం, ఎకరం చెరకుతోట, ఒక గేదె - ఇదీ ఆవిడ సంసారం. అరవై దాటినా చీకటితోనే లేచి పాలు పితికే మనిషి. అటువంటి ఆవిడకు కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలయింది. అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకుంటే గాని మళ్ళీ నిద్ర పట్టేది కాదు. మెడనొప్పి సరేసరి.

మా అన్నయ్య ఆవిణ్ణి విశాఖపట్నం తీసుకువెళ్ళి మెడకు ఎం. ఆర్. ఐ. తీయించాడు. బొమ్మలో వెన్నుపాము నడిమధ్యన, పైనుంచి కిందికి, సన్నని తెల్లని గీత కనిపించింది. 'సిరింక్స్ అని అనుమానం' అని కాగితం మీద రాసి ఇచ్చారు. సిరింక్స్ అంటే వెన్నుపాము లోపల ఏర్పడే నీటితిత్తి. అది పెరిగితే చేతుల్లో సత్తువ తగ్గుతుంది. కొందరికి ఆపరేషను కూడా అవసరమవుతుంది.

ఇక చూడండి! ఆ కాగితం ఇంటికి చేరిన సాయంత్రమే చెరకుతోట బేరానికి వచ్చింది. తెలిసినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. పెద్దమ్మ మాత్రం నాతో ఫోనులో, "వెన్నుపాములో ఇంకో పాము దూరిందటరా బాబూ! అదెలా దూరుతుంది?" అంది.

తాడును చూసి పామనుకోవడం మన పెద్దలకు తెలియని సంగతి కాదు. వేదాంతులు దానికి రజ్జుసర్పభ్రాంతి అని పేరు కూడా పెట్టారు. అయితే కోట్ల రూపాయల ఖరీదు చేసే యంత్రానికి కూడా ఆ భ్రాంతి కలుగుతుందని మాత్రం మనలో చాలామందికి తెలియదు. దీపం పెట్టి చూస్తే తాడు తాడే. ఈ యంత్రం విషయంలో దీపం ఏమిటన్నదే ఈ వ్యాసం.

పెద్ద డాక్టరుగారి ప్రశ్నలు

తోట అమ్మకముందే ఇంకొకరికి చూపిద్దామని అనుకోవడం మంచిదయింది. ఆ రెండో డాక్టరుగారు వయసు మళ్ళినవారు. బొమ్మను పక్కన పెట్టి, ముందు మనిషిని చూశారు.

"అమ్మా, ఏ వేళ్ళు తిమ్మిరెక్కుతాయి?"

"బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు బాబూ. చిటికెనవేలు బాగానే ఉంటాది."

"వేడి గిన్నె పట్టుకుంటే చురుకు తెలుస్తున్నదా?"

"తెలవకపోవడమేటి? నిన్ననే అట్లకాడ తగిలి చుర్రుమంది."

వెన్నుపాములో నీటితిత్తి పెరిగినవారికి సాధారణంగా భుజాల్లో, చేతుల్లో వేడీ నొప్పీ తెలియడం తగ్గిపోతుంది. చెయ్యి కాలినా తెలియనివాళ్ళు కద్దు. పెద్దమ్మకు అదేమీ లేదు. డాక్టరుగారు కాసేపు ఆలోచించి, "ఈ గీతకూ మీ వేళ్ళకూ పొత్తు కుదరడం లేదమ్మా. యంత్రాన్ని మరో విధంగా అడిగి చూద్దాం" అన్నారు.

యంత్రాన్ని మరో విధంగా అడగడమేమిటి? అది తెలియాలంటే యంత్రం బొమ్మ గీసే తీరు కాస్త తెలుసుకోవాలి.

శరీరం పాడే పాట

ఎం. ఆర్. ఐ. యంత్రం కెమెరా కాదు. ఎక్స్‌రే వంటిది అసలే కాదు. అది చూడదు, వింటుంది!

మన శరీరంలో సగానికి పైగా నీరే. నీటిలో హైడ్రోజన్ ఉన్నది. ప్రతి హైడ్రోజన్ పరమాణువు కేంద్రకమూ ఒక చిటికెడు అయస్కాంతం. బలమైన అయస్కాంతంలో మనిషిని పడుకోబెట్టి, సరైన రేడియో అలను పంపితే, ఆ కేంద్రకాలు కదిలి, తిరిగి ఒక సన్నని రేడియో ధ్వని ఇస్తాయి. 1946లో అమెరికాలో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ అనే ఇద్దరు వేర్వేరుగా దీనిని కనిపెట్టారు. 1952లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది.

ఆసుపత్రుల్లో సాధారణంగా ఉండే యంత్రం బలం 1.5 టెస్లా. అనగా మన భూమి అయస్కాంత బలానికి సుమారు ముప్ఫై వేల రెట్లు. ఆ బలంలో హైడ్రోజన్ సెకనుకు దాదాపు 6 కోట్ల 39 లక్షల సార్లు ఊగే శ్రుతిలో పాడుతుంది. బలం పెరిగితే శ్రుతి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కీలకమంతా ఇక్కడే ఉన్నది. అయస్కాంతం బలాన్ని తలవైపు కొంచెం ఎక్కువగానూ, కాళ్ళవైపు కొంచెం తక్కువగానూ చేస్తే, శ్రుతిని బట్టే ఆ ధ్వని ఎక్కడినుంచి వచ్చిందో చెప్పవచ్చు. శ్రుతే చిరునామా అన్నమాట. 1973లో పాల్ లాటర్‌బర్ ఈ ఉపాయంతో రెండు సన్నని నీటిగొట్టాల బొమ్మ తీసి చూపాడు. ఆయనకూ, ఇంగ్లండుకు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ బహుమానం లభించింది.

ఈ విద్యకు మనవాళ్ళు దూరంగా ఉన్నారనుకోకండి. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కొచ్చెర్లకోట రంగధామరావుగారు వర్ణపటశాస్త్ర పరిశోధనశాలను పెంచి పెద్దచేశారు. కేంద్రకాల రేడియో ధ్వనులను వినే పరిశోధన మరో రూపంలో అక్కడా సాగింది. 1951లో బెంగుళూరులో జి. సూర్యన్, గొట్టంలో పారే నీటికీ నిలిచిన నీటికీ ఈ ధ్వనిలో తేడా ఉంటుందని చూపారు. నేడు బొమ్మల్లో వేగంగా పారే రక్తం నల్లగా కనిపించడానికి మూలం అటువంటి సంగతులే. 1975లో స్విట్జర్లాండులో అనిల్ కుమార్, డీటర్ వెల్టి, రిచర్డ్ ఎర్న్‌స్ట్ అనే ముగ్గురు, శరీరం ఇచ్చే ధ్వనులను అలలుగా విడదీసి మళ్ళీ బొమ్మగా పేర్చే పద్ధతిని ప్రకటించారు. ఆ అనిల్ కుమార్‌గారు తరువాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేశారు. పెద్దమ్మ వెన్నుపాములో గీతకు కారణం సరిగ్గా ఈ అలల పేర్పులోనే ఉన్నది.

గట్టును తాకిన అలలు

యంత్రం బొమ్మను చుక్క చుక్కగా పెట్టదు. వెడల్పాటి అలతో మొదలుపెట్టి, దానిమీద సన్నని అలను, దానిమీద ఇంకా సన్నని అలను పేర్చుకుంటూ పోతుంది. వెడల్పు అలలు ఆకారాన్ని ఇస్తాయి. సన్నవి అంచులను తీరుస్తాయి. కత్తితో కోసినట్లుండే అంచు రావాలంటే అంతులేనన్ని అలలు కావాలి. రోగి ఎంతసేపు కదలకుండా పడుకోగలడు? అందుచేత 128 దగ్గరో 256 దగ్గరో ఆపవలసి వస్తుంది. అలా ఆపినప్పుడు తెగిపోయిన లెక్క, ప్రతి పదునైన అంచు పక్కనా సన్నని తరగలుగా మిగిలిపోతుంది. చెరువుగట్టు వెంట నీళ్ళు తరగలు తరగలుగా కదులుతాయి చూడండి, అలాగన్నమాట.

ఈ సంగతిని 1848లోనే విల్‌బ్రహామ్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు గుర్తించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1899లో అమెరికా శాస్త్రజ్ఞుడు విల్లార్డ్ గిబ్స్ మళ్ళీ చెప్పాక ఆయన పేరే దానికి స్థిరపడింది. ఇందులో ఒక చిత్రం ఉన్నది. అలలు ఎన్ని పెంచినా అంచు దగ్గర తరగ ఎత్తు తగ్గదు. అంచులో ఉన్న తేడాలో సుమారు నూటికి తొమ్మిది వంతులుగానే నిలుస్తుంది. కాని అలలు పెరిగిన కొద్దీ తరగ సన్నబడి అంచుకు దగ్గరగా జరిగిపోతుంది.

ఇప్పుడు మెడ సంగతి చూడండి. వెన్నుపాము మెడలో ఇంచుమించు చిటికెనవేలి లావు. దానికి రెండు పక్కలా వెన్నునీరు. ఒక తరహా బొమ్మలో వెన్నునీరు తెల్లగా మెరుస్తుంది, వెన్నుపాము నల్లగా ఉంటుంది. అంటే పదునైన గట్లు రెండున్నాయి. అలలు తక్కువగా వాడితే ఈ గట్టు తరగా, ఆ గట్టు తరగా నడిమధ్యన కలుస్తాయి. కలిసినచోట ఒక తెల్లని గీత! నీటితిత్తి ఉన్నా అక్కడే, అలాగే తెల్లగా కనిపిస్తుంది. తాడుకూ పాముకూ పోలిక ఇంతగా కుదిరితే ఎవరు మాత్రం మోసపోరు?

రోగం ఎవరి మాట వింటుంది?

ఇక దీపం సంగతి. అది ఒక్క ముక్కలో చెప్పవచ్చు. రోగం శరీరం మాట వింటుంది, మాయగీత యంత్రం మాట వింటుంది.

యంత్రానికిచ్చే ఆజ్ఞలను మార్చి మళ్ళీ బొమ్మ తీసినప్పుడు, నిజమైన తిత్తి ఉన్నచోటే ఉంటుంది. మాయగీత జరుగుతుంది, చిక్కిపోతుంది, లేకుంటే మాయమవుతుంది. అనుభవమున్న వైద్యులు చేసే పరీక్ష ఇదే. మాయగీతలు చాలా రకాలున్నా, అన్నిటికీ ఇదే మంత్రం.

కదలిక వల్ల వచ్చే దయ్యాల సంగతి తీసుకోండి. బొమ్మకు రెండు దిక్కులుంటాయి. ఒక దిక్కు చిరునామా క్షణంలో తెలిసిపోతుంది. రెండో దిక్కుకు మాత్రం యంత్రం వందలసార్లు విని, నిమిషాల తరబడి లెక్క కూడబెట్టాలి. ఈలోగా గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, రోగి గుటక వేస్తాడు. అప్పుడు పెద్ద రక్తనాళం తన చోట ఒకటిగాను, పైనా కిందా సమాన దూరాల్లో నీడలుగాను కనిపిస్తుంది. ఆ నీడ కాలేయం మీద పడితే గడ్డలా ఉంటుంది. ఈ బొమ్మలకు ఇంగ్లీషులో దయ్యమనే పేరు. వైద్యులు రెండు దిక్కులనూ తారుమారు చేసి మళ్ళీ తీస్తారు. నిలువుగా నడిచే దయ్యం అడ్డంగా నడవడం మొదలుపెడుతుంది. గడ్డ అయితే నడవదు గదా!

చుట్టి వచ్చే బొమ్మ ఇంకొకటి. గడియారంలో పన్నెండు తరువాత పదమూడు లేదు. మళ్ళీ ఒకటే. అదే విధంగా యంత్రం పెట్టుకున్న కిటికీకి బయట మిగిలిన భాగం, చుట్టి వచ్చి రెండో అంచున ప్రత్యక్షమవుతుంది. ముక్కు తల వెనుక మొలుస్తుంది! కిటికీ పెద్దది చేస్తే ముక్కు తన చోటికి వెళ్ళిపోతుంది.

మూడోది కొవ్వు. కొవ్వులోని హైడ్రోజన్ నీటికంటే కొద్దిగా తగ్గు శ్రుతిలో పాడుతుంది. పది లక్షల్లో మూడున్నర వంతులే తేడా. 1.5 టెస్లా యంత్రంలో సెకనుకు 220 ఊపులు. శ్రుతే చిరునామా అనుకున్నాం గదా. పాపం యంత్రం కొవ్వును పక్కింట్లో కూర్చోబెడుతుంది. అందుకే మూత్రపిండానికి ఒక పక్క నల్లని అంచు, రెండో పక్క తెల్లని అంచు కనిపిస్తాయి. అది రోగం కాదు, చిరునామా పొరపాటు.

నాలుగోది లోహం. ఇది పై మూడింటికంటే ప్రమాదకరం. ఇనుము ఉన్నచోట అయస్కాంతం బలం తారుమారై, బొమ్మలో నల్లని గొయ్యి ఏర్పడుతుంది. చుట్టుపక్కల ఆకారాలు వంకర పోతాయి. లేని రోగాన్ని చూపడం ఒక ఎత్తు, ఉన్న రోగాన్ని ఆ గోతిలో దాచెయ్యడం మరొక ఎత్తు. అయితే ఈ దోషాన్నే గుణంగా మార్చుకున్నవారు లేకపోలేదు. ప్రాణవాయువు వదిలిన రక్తం తన చుట్టూ అయస్కాంతాన్ని అతి స్వల్పంగా చెదరగొడుతుంది. 1990లో జపాను శాస్త్రజ్ఞుడు సెయిజీ ఒగావా దానినే ఆధారం చేసుకుని, మెదడులో ఏ భాగం పనిచేస్తున్నదో చూసే మార్గం చూపాడు.

బొమ్మ లేని పరీక్ష

ఇదే యంత్రంతో బొమ్మకు బదులు శరీరంలోని రసాయనాల జాబితా కూడా తీయవచ్చు. దానిని స్పెక్ట్రోస్కోపీ అంటారు. మెదడులో ఒక చిన్న చదరాన్ని ఎంచుకుని, అక్కడ ఏ పదార్థం ఏ శ్రుతిలో పాడుతున్నదో గ్రాఫుగా గీస్తారు. కొవ్వును పక్కింట్లో కూర్చోబెట్టిన శ్రుతిభేదమే ఇక్కడ అసలు సరుకు!

గ్రాఫులో కొండల వంటి శిఖరాలుంటాయి. 2.0 దగ్గర ఎన్.ఏ.ఏ. అనే పదార్థం, అది నాడీకణాల ఆరోగ్యానికి గుర్తు. 3.0 దగ్గర క్రియాటిన్, 3.2 దగ్గర కోలిన్. చాలా కణుతుల్లో కోలిన్ శిఖరం లేస్తుంది, ఎన్.ఏ.ఏ. కుంగుతుంది. కాని 4.7 దగ్గర నీరు ఉన్నది. దాని ధ్వని ఈ చిన్నవాటికి వేల రెట్లు. తిరునాళ్ళ మేళాల మధ్య పసిబిడ్డ గొంతు వినడం వంటిది. ముందు నీటి నోరు మూయించాలి. అది సరిగ్గా కుదరకపోతే గ్రాఫు అడుగుభాగం వంకర పోయి, చిన్న శిఖరాల లెక్క తప్పుతుంది.

మరో చిక్కు కొవ్వుతోనే. ఎంచుకున్న చదరం పుర్రెకు దగ్గరగా ఉంటే, నెత్తిచర్మం కింది కొవ్వు ధ్వని లోపలికి కారి వస్తుంది. అది 1.3 చుట్టుపక్కల పడుతుంది. ప్రాణవాయువు చాలని కణజాలంలో పేరుకునే లాక్టేట్ శిఖరం కూడా 1.3 దగ్గరే! ఏది ఏదో ఎలా తెలుస్తుంది? మళ్ళీ మన పాత మంత్రమే. యంత్రం వినే సమయాన్ని మారుస్తారు. సెకనులో వెయ్యోవంతులు 144 గడిచాక వింటే, లాక్టేట్ జంట శిఖరం తలకిందులవుతుంది. కొవ్వు కాదు. చదరాన్ని కాస్త లోపలికి జరిపి చూసినా తెలుస్తుంది. బయటి కొవ్వయితే తగ్గిపోతుంది.

ఇంట్లో వాళ్ళు చెయ్యవలసింది

ఇదంతా వైద్యుల పని, మనకెందుకని అనుకోకండి. మంచి బొమ్మ రావడంలో సగం పాలు రోగిదే.

మొదటిది, నగలు. మంగళసూత్రం తియ్యడానికి మన ఇళ్ళలో ఆడవాళ్ళకు మనసొప్పదు. బంగారాన్ని అయస్కాంతం లాగదన్న మాట నిజమే. కాని గొలుసు కొక్కెంలో ఏ లోహం కలిసి ఉన్నదో ఎవరికి తెలుసు? ఏ లోహమైనా రేడియో అలలకు వేడెక్కే అవకాశమున్నది, బొమ్మనూ చెడగొడుతుంది. అర్ధగంట సేపు పసుపుతాడు కట్టుకుంటే సరి. తలపిన్నులు, చీరపిన్నులు, రవికె హుక్కులు, జరీ అంచు - ఏవీ లోపలికి రాకూడదు. అక్కడ ఇచ్చే గౌను కట్టుకోవడమే క్షేమం. కంటి అలంకరణ సామగ్రిలో కొన్నిటిలో ఇనుము కలిసి ఉంటుంది. దానిని కూడా కడుక్కుని వెళ్ళాలి.

రెండోది, నిజం చెప్పడం. గుండెకు పేస్‌మేకరున్నా, మెదడులో క్లిప్పు వేసినా, చెవిలో యంత్రం అమర్చినా, ఇనుపపనిలో ఎప్పుడైనా కంట్లో రవ్వ పడినా ముందే చెప్పాలి. ఇక్కడ దాచడం బొమ్మకు కాదు, ప్రాణానికే ముప్పు.

మూడోది, కదలకపోవడం. యంత్రం ఢమఢమ మోగుతుంది. లోపలి తీగచుట్టల్లో విద్యుత్తు క్షణక్షణానికీ మారడం వల్ల అవి అదిరి ఆ మోత వస్తుంది. చెవులకు దూది గాని, బిరడాలు గాని అడగండి. మెడ బొమ్మ తీసేటప్పుడు గుటక కూడా ఆచి తూచి వెయ్యాలి. భయమైతే ముందే చెప్పండి. మధ్యలో లేచిపోవడం కంటే అది నయం.

నాలుగోది, పాత బొమ్మలను జాగ్రత్త చేయడం, కొత్త వైద్యుని దగ్గరకు తప్పక తీసుకువెళ్ళడం. అనుమానముంటే, "ఈ గీత అడ్డుకోత బొమ్మల్లో కూడా కనిపిస్తున్నదా అండీ?" అని మర్యాదగా అడగండి. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు కోపగించుకోడు.

ఒక్కమాట మాత్రం మరవకండి. ఇది మాయగీత అని తేల్చవలసింది వైద్యుడే గాని మనం కాదు. నిజమైన పాములూ ఉంటాయి. తాడేలే అనుకుని చెయ్యి పెట్టడం, పామనుకుని పరుగెత్తడం కంటే పెద్ద ప్రమాదం.

పెద్దమ్మ కథ ముగింపు

రెండోసారి బొమ్మ తీసినప్పుడు ఆ దిక్కులో అలల సంఖ్య 128 నుంచి 256కు పెంచారు. మెడను అడ్డుకోతగా కూడా తీశారు. మధ్యనున్న తెల్లని గీత రెండు సన్నని తరగలుగా విడిపోయి గట్ల దగ్గరకు జరిగింది. అడ్డుకోతల్లో తిత్తి జాడే లేదు. డాక్టరుగారు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి పెద్దమ్మకే చూపించి, "నీ వెన్నుపాములో పాము లేదమ్మా. ఇది యంత్రం పెట్టిన చారిక" అన్నారు.

మరి వేళ్ళ తిమ్మిరి? అది మణికట్టు దగ్గర నరం నలిగినందువల్ల అని నరాల పరీక్షలో తేలింది. ఏళ్ళ తరబడి పాలు పితికిన చెయ్యి గదా! రాత్రిపూట మణికట్టుకు పట్టీ కట్టుకోమన్నారు, పాలు పితకడం కొన్నాళ్ళు మానమన్నారు. మొదటిది విన్నది. రెండోదానికి మాత్రం మా వదినగారికి పని నేర్పడానికి నెల పట్టింది.

మొన్న సంక్రాంతికి నాతవరం వెళ్ళాను. పెద్దమ్మ ఆ రెండు బొమ్మలనూ ఒకే సంచిలో చుట్టి బీరువాలో భద్రంగా దాచింది. తిమ్మిరి తగ్గిందా అని అడిగితే, "తగ్గింది గాని, ఆ పెద్ద మెషీను కూడా పొరబడతాదని తెలిసినాక నాకు ధైర్యమొచ్చిందిరా" అంది. చెరకు ఆ ఏడు కూడా ఆవిడ తోటలోనే నరికారు.